బంకమట్టిలో సొరంగం: తవ్విన ముఖం ఎంతసేపు నిలుస్తుంది?

2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో పైకప్పు కూలి, నీరూ బురదా ముంచెత్తి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పటి నుంచి టీబీఎం (సొరంగం తవ్వే యంత్రం), సెగ్మెంట్, షియర్ జోన్ వంటి మాటలు తెలంగాణలో ఇంటింటికీ తెలిశాయి. ఆ సొరంగం నల్లమల కింద రాతిలో తవ్వుతున్నది. అక్కడి కథ పగిలిన రాయిది, ఊటనీటిది. హైదరాబాద్ నగరం ముందున్న ప్రశ్న వేరు. మెట్రో మొదటి దశ అంతా స్తంభాల మీదే సాగింది కాబట్టి, నగరం కింద మట్టిలో పెద్ద సొరంగం తవ్వితే ఏమవుతుందన్న ఆలోచన ఇక్కడ ఎవరికీ పెద్దగా అవసరపడలేదు. రెండో దశలో విమానాశ్రయం దగ్గర కొంత దూరం భూగర్భంలో వెళ్లాలన్న ప్రతిపాదన, సొరంగ రహదారుల గురించి అప్పుడప్పుడూ వెలువడే ప్రకటనలు ఆ అవసరాన్ని దగ్గరికి తెచ్చాయి.

సొరంగంలో తవ్వకం సాగుతున్న కొసన నిలువుగా ఉండే మట్టిగోడను ముఖం అంటారు. దాని వెనక ఉన్న సొరంగమంతా కాంక్రీటు రింగుల రక్షణలో ఉంటుంది. ముఖం దగ్గర, ముఖానికీ చివరి రింగుకూ మధ్య ఉండే కొద్ది మీటర్లలో మాత్రం మట్టిని ఆపేది మట్టిలోని సొంత బలం, లేదా లోపలి నుంచి యంత్రం పెట్టే ఒత్తిడి. మెత్తనేలలో జరిగే సొరంగ ప్రమాదాల్లో చాలా భాగం ఈ కొద్ది మీటర్లలోనే మొదలవుతాయి. అందుకే ముఖం నిలకడ గురించి అరవై ఏళ్లుగా లెక్కలు కడుతూనే ఉన్నారు. ఆ లెక్కల్లో బంకమట్టికి సంబంధించినది మొదట చూసినప్పుడు చాలా తేలిక. చిక్కంతా అది ఎంతసేపు వర్తిస్తుందన్న దగ్గర మొదలవుతుంది.

ముందు తేలికైన భాగం. భూమిలో 16 మీటర్ల లోతున ఉన్న మట్టి తన మీది మట్టి బరువునంతా మోస్తూ ఉంటుంది. తడిమట్టి ఘనమీటరుకు సుమారు 19 కిలోన్యూటన్లు తూగుతుందనుకుంటే, ఆ లోతున నిలువు ఒత్తిడి 300 కిలోపాస్కళ్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 30 టన్నులు. ఆ మట్టి పక్కన ఒక్కసారిగా ఖాళీ ఏర్పడితే, జంతికల గొట్టంలో పైనుంచి నొక్కితే పిండి కింది చిల్లుల్లోంచి వచ్చినట్టే, పై బరువు మెత్తని బంకమట్టిని ముఖం గుండా సొరంగంలోకి తోస్తుంది. తోసేది పై బరువు, ఆపేది బంకమట్టి షియర్ బలం, అంటే ఒక పొర మీద మరో పొర జారిపోకుండా పట్టి ఉంచే బలం. స్వీడన్‌కు చెందిన బ్రామ్స్, బెన్నర్‌మార్క్ 1967లో ఈ రెండింటి నిష్పత్తినే కొలమానంగా తీసుకున్నారు. సొరంగం మధ్యరేఖ లోతున ఉన్న నిలువు ఒత్తిడిలోంచి లోపలి నుంచి ముఖానికి ఇస్తున్న ఒత్తిడిని తీసివేసి, మిగిలినదాన్ని మట్టి షియర్ బలంతో భాగిస్తే వచ్చేది నిలకడ సంఖ్య. అది 6 దాటితే బంకమట్టి లోపలికి పారుతుందని వారు చూపించారు. రెండేళ్ల తరువాత మెక్సికోలో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు అమెరికా ఇంజినీరు పెక్ రాసిన నివేదికతో ఈ సంఖ్య సొరంగ ఇంజినీర్ల నిత్యవ్యవహారంలోకి వచ్చింది.

అంకెలు వేసి చూస్తే దీని పట్టు తెలుస్తుంది. సొరంగం వ్యాసం ఆరున్నర మీటర్లు, మధ్యరేఖ 16 మీటర్ల లోతున ఉందనుకుందాం. ఒక్కో దారికి వేసే మెట్రో సొరంగం కొలతలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మట్టి షియర్ బలం 100 కిలోపాస్కళ్లయితే, ఏ ఒత్తిడీ పెట్టకపోయినా నిలకడ సంఖ్య 3 వస్తుంది. ముఖం తెరిచి ఉంచి తవ్వినా ప్రమాదం లేదు. లండన్ బంకమట్టి గట్టిది కావడం వల్లనే ఇంజినీరు గ్రేట్‌హెడ్ 1869లో థేమ్స్ నది కింద టవర్ సబ్‌వే అన్న సొరంగాన్ని, తవ్వేవాళ్లను కాచే చిన్న ఇనుప కవచం సాయంతో త్వరగా పూర్తి చేయగలిగాడు. అదే లోతున మట్టి బలం 40 కిలోపాస్కళ్లే ఉంటే సంఖ్య ఏడున్నరకు చేరుతుంది, ముఖం నిలవదు. భద్రత కోసం దాన్ని 4కు దించాలంటే లోపలి నుంచి 140 కిలోపాస్కళ్లు, సుమారు 1.4 బార్, ఒత్తిడి పెట్టాలి.

పాఠ్యపుస్తకాల్లో 6 అన్న అంకె రాతిమీద చెక్కినట్టు కనిపిస్తుంది గానీ, అది కొంత లోతున ఉన్న సొరంగాలకే సరిపోతుంది. కేంబ్రిడ్జ్‌లో మట్టి నమూనాలను సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, చిన్న నమూనాలోనే అసలు లోతు ఒత్తిళ్లను పుట్టించి చేసిన ప్రయోగాల వెంబడి, డేవిస్, గన్, మెయిర్, సెనెవిరత్నె 1980లో దీనికి సిద్ధాంతపరమైన హద్దులు కట్టారు. పైమట్టి మందాన్ని వ్యాసంతో భాగించి, దాన్ని రెట్టింపు చేసి, ఒకటి కలిపి, వచ్చిన దాని సహజ సంవర్గమానాన్ని నాలుగుతో గుణిస్తే, ముఖం కచ్చితంగా నిలిచే కనీస హద్దు వస్తుంది. పైమట్టి మందం వ్యాసానికి సమానంగా ఉంటే ఆ హద్దు 4.4, రెట్టింపు ఉంటే 6.4, మూడు రెట్లుంటే 7.8. ఇవి భద్రతవైపు మొగ్గిన విలువలు. ప్రయోగాల్లో ముఖాలు ఇంతకంటే కొంత ఎక్కువే ఓర్చుకున్నాయి. అయినా, సొరంగం పైకి వచ్చేకొద్దీ 6ను నమ్ముకోకూడదన్నది స్పష్టం.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరొకటి. పై హద్దులు రింగులు ముఖం దాకా బిగించి ఉన్నప్పటివి. రింగులు లేని ఖాళీ పొడవు పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతూ, చాలా పొడవు ఖాళీ వదిలేస్తే సరిగ్గా సగానికి పడిపోతుంది, 6.4 ఉన్నది 3.2 అవుతుంది. అంటే మట్టి మారలేదు, లోతు మారలేదు, పనివాళ్లు రెండు రింగులు వెనకబడ్డారు, అంతే. నిలకడలో కొంత భాగం పోయింది. 1825లో థేమ్స్ సొరంగం మొదలుపెట్టిన బ్రూనెల్‌కు ఈ సూత్రాలేవీ తెలియవు, కానీ ఆయన కవచం చేసింది ఇదే పని. ముఖాన్ని 36 గదులుగా విడదీసి, ఒక్కో గదిలో మనిషిని నిలబెట్టి, ఒకసారి ఒక్క పలకను మాత్రమే తీయించి, వెనక ఉన్న మట్టిని కొద్ది అంగుళాలు తవ్వించి, పలకను ముందుకు జరిపి మళ్లీ బిగించేవాడు. తెరిచిన జాగా ఎంత చిన్నదైతే నిలకడ అంత ఎక్కువ. అయినా నది అడుగున మట్టి పలచబడిన చోట 1827లోనూ 1828లోనూ నీరు ముంచెత్తింది, రెండోసారి ఆరుగురు చనిపోయారు. సొరంగం తెరుచుకునేసరికి 1843 వచ్చింది.

ఇక కాలం సంగతి. కొండాపూర్, కోకాపేట వైపు నాలుగైదు అంతస్తుల లోతు సెల్లార్ల కోసం తీసిన గుంతలను చూసినవారికి ఇది కొత్త కాదు. యంత్రం నిలువుగా కోసిన మట్టిగోడ మొదటి రోజు అద్దంలా నున్నగా నిలబడుతుంది. కొన్నాళ్లకు అంచు నుంచి రెండు మూడు అడుగులు వెనక్కి, అంచుకు సమాంతరంగా, వెంట్రుకంత బీట పడుతుంది. ఒక వాన ఆ బీటలో నీరు నింపుతుంది. మరునాటి పత్రికలో మట్టిపెళ్లలు విరిగిపడి కూలీల మృతి అన్న వార్త వస్తుంది. 'నిన్నటిదాకా బాగానే నిలబడింది కదా' అన్న మాట అప్పుడు తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాటలో సాంకేతికంగా తప్పేమీ లేదు, కానీ నిన్న నిలబడడం రేపటికి రుజువు కాదన్నదే బంకమట్టి స్వభావం.

కారణం రేణువుల మధ్య ఉన్న నీటిలో ఉంది. మట్టిని తవ్వి తీసేసినప్పుడు పక్క మట్టి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది ఉబ్బాలని చూస్తుంది. ఉబ్బాలంటే రేణువుల మధ్యకు కొత్తగా నీరు రావాలి. బంకమట్టిలో నీరు కదిలే వేగం సెకనుకు మీటరులో వందకోట్లవ వంతు వరకు పడిపోతుంది. ఏకమాత్ర వాలు మీద, అంటే మీటరు దూరానికి నీటిమట్టంలో మీటరు తేడా ఉన్నప్పుడు, ఏడాదికి మూడు సెంటీమీటర్లు. అందువల్ల నీరు వెంటనే చేరలేదు, లోపలి నీటి పీడనం పడిపోయి చూషణ ఏర్పడుతుంది, ఆ చూషణ రేణువులను ఒకదానికొకటి దగ్గరగా లాగిపట్టి మట్టికి అదనపు బలం ఇస్తుంది. ముఖం తొలి గంటల్లో నిలబడేది చాలావరకు దీని వల్లనే. రోజులు గడిచేకొద్దీ నీరు మెల్లగా చేరుతుంది, చూషణ తగ్గుతుంది, దానితో బలమూ తగ్గుతుంది. నిలకడ సంఖ్యలో వాడే షియర్ బలం నీరు ఇంకా కదలని ఆ తొలి దశది మాత్రమే. యంత్రం సాఫీగా ముందుకు సాగుతున్నంతసేపు ఆ లెక్క సరిపోతుంది. మరమ్మతు కోసమో, పండుగ సెలవుల కోసమో, బిల్లుల తగాదా కోసమో యంత్రం పది రోజులు ఆగితే, కాగితం మీద ఉన్న భద్రత నేలలో ఉండదు. నన్నడిగితే ముఖం నిలకడ నివేదికలో మట్టి బలం రాసిన ప్రతిచోటా, అది ఎన్ని రోజులదో కూడా రాయాలి.

నీరు కదలని స్థితినే లెక్కలోకి తీసుకోవచ్చా, కదిలిన స్థితినా అన్నదానికి అనాగ్నోస్టూ, కోవారీ అన్న పరిశోధకులు 1990లలో ఒక ఆచరణయోగ్యమైన గీత గీశారు. నేల గుండా నీరు సెకనుకు మీటరులో కోటవ వంతు నుంచి పదిలక్షలవ వంతు కంటే వేగంగా కదిలేటట్టుంటే, తవ్వకం గంటకు పది సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు కంటే నెమ్మదిగా సాగుతుంటే, నీరు కదిలిన స్థితిని తీసుకోవాలి. హైదరాబాద్ విషయానికి వచ్చినప్పుడు ఈ గీత అవసరమవుతుంది.

బంకమట్టిలోనే ఇంకొన్ని మోసాలు ఉన్నాయి. గట్టి బంకమట్టిలో కంటికి ఆనని పగుళ్లు ఉంటాయి. ప్రయోగశాలలో పిడికెడు నమూనా చూపిన బలాన్ని ఆరు మీటర్ల ముఖం చూపదు, పగుళ్ల వెంట పెళ్లలుగా రాలుతుంది. నల్లరేగడిలోనూ ఎండావానల ఉబ్బుతగ్గులకు నున్నగా మెరిసే జారుడు తలాలు ఏర్పడి ఉంటాయి. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది బంకమట్టి నడుమ నీటితో నిండిన ఇసుక పొర. కోల్‌కతాలో ఈస్ట్-వెస్ట్ మెట్రో యంత్రాలు 2017లో హుగ్లీ నది కిందుగా అరకిలోమీటరు పైచిలుకు దూరం క్షేమంగా దాటాయి. రెండేళ్ల తరువాత, 2019 ఆగస్టు 31న, నదికి దూరంగా బౌబజార్ ఇళ్ల కింద యంత్రం నీటిపొరను తాకింది. నీటితో పాటు మట్టి సొరంగంలోకి వచ్చేసింది, పైన పాత ఇళ్లు కూలాయి. అందరూ భయపడింది నదికి, దెబ్బ తగిలింది వీధి కింద.

ముఖం కూలకపోయినంత మాత్రాన పైన ఇళ్లు క్షేమమని కాదు. నిలకడ సంఖ్య 2 దాటినప్పటి నుంచే ముఖం చుట్టూ మట్టి కొద్దికొద్దిగా లోపలికి నడుస్తుంది, 4 దాటాక ఆ నడక పెద్దదవుతుంది. తవ్వవలసిన దానికంటే అదనంగా లోపలికి వచ్చిన మట్టి సొరంగం ఘనపరిమాణంలో ఒక్క శాతం ఉంటే, మన ఆరున్నర మీటర్ల సొరంగం మీద బంకమట్టి నేలలో రోడ్డు నడుమ సుమారు 16 మిల్లీమీటర్లు కుంగుతుంది. రెండు శాతమైతే 33. చార్మినార్ చుట్టుపక్కల డంగుసున్నంతో కట్టిన పాతగోడలకు ఆ రెండంకెల మధ్య తేడా చాలా పెద్దది.

ముఖానికి ఒత్తిడి ఇచ్చే పద్ధతులు కాలక్రమంలో మూడు వచ్చాయి. మొదటిది సొరంగమంతా గాలిని ఒత్తిడితో నింపడం. పనివాళ్ల ఆరోగ్యాన్ని దెబ్బతీసిన పద్ధతి అది, ఇప్పుడు యంత్రం ముందరి గదిలో మరమ్మతులకు మాత్రమే మిగిలింది. రెండోది బెంటొనైట్ (నీటిలో ఉబ్బే ఒక రకం బంక) కలిపిన చిక్కటి ద్రవంతో ముఖాన్ని నొక్కిపట్టడం. మూడోది, 1970లలో జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈపీబీ (ఎర్త్ ప్రెషర్ బ్యాలెన్స్) యంత్రం, తవ్విన మట్టితోనే ముఖాన్ని ఆపుతుంది. బంకమట్టికి అనువైనది ఇదే కనుక దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

ఈపీబీ యంత్రంలో తిరిగే తల వెనక ఒక గది ఉంటుంది. కోసిన మట్టి అందులో చేరి, నురుగు, నీటితో కలిసి ముద్దలా మారుతుంది. గది అడుగు నుంచి ఒక స్క్రూ ఆ ముద్దను వెనక్కి తోడి బెల్టు మీద వేస్తుంది. జాక్‌లు యంత్రాన్ని ముందుకు నెట్టే వేగం, స్క్రూ తిరిగే వేగం ఈ రెండింటి పొత్తు మీదే గదిలో ఒత్తిడి ఆధారపడుతుంది. స్క్రూ వేగం పెంచితే ఒత్తిడి పడిపోతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. ఒత్తిడి మరీ పెరిగితే ముఖం లోపలికి రాకపోగా రోడ్డు పైకి ఉబ్బుతుంది, నురుగు పైకి తన్నుకొస్తుంది; కనుక ఆపరేటర్‌కు కిందా పైనా రెండు హద్దులు ఉంటాయి. తెర మీద ఒత్తిడి అంకెలతో పాటు అతను చూడవలసిన ఇంకొక అంకె బెల్టు తూకం. 1.4 మీటర్ల వెడల్పు రింగుకు ఆరున్నర మీటర్ల సొరంగంలో నేలలోంచి రావలసిన మట్టి 46 ఘనమీటర్లు. నురుగు, నీటి బరువు తీసివేశాక కూడా వరుసగా రెండు మూడు రింగులకు తూకం పది శాతం ఎక్కువ వస్తుంటే, ఒత్తిడి మీటర్లు ఎంత ముచ్చటగా కనిపించినా, ముఖానికి పైన ఎక్కడో బొరియ ఏర్పడుతోందనే అనుమానించాలి. బంకమట్టి మరీ జిగటగా ఉంటే తల చువ్వల మధ్య అంటుకుని గట్టిపడుతుంది, గదిలో ఒక పక్క నిండి మరో పక్క ఖాళీగా ఉంటుంది, అప్పుడు మీటరు చెప్పేది ఆ మీటరున్న మూల సంగతి మాత్రమే.

హైదరాబాద్ కింద అచ్చమైన బంకమట్టి తక్కువ. అది దొరికేది నల్లరేగడి ఉన్న చోట్ల, మూసీ ఒడ్డున, ముఖ్యంగా పూడ్చేసిన చెరువుల శిఖం భూముల్లో. ఎండు చెరువు అడుగున మెత్తని ఒండ్రు, దాని మీద లారీలతో పోసిన చెత్తా మట్టీ, దాని మీద కాలనీ. మిగతా నగరమంతా రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద, ఆ గ్రానైట్ చీకి ఏర్పడిన మొరం మీద నిలిచి ఉంది. తడి మొరాన్ని వేళ్ల మధ్య నలిపితే దాని కథంతా తెలుస్తుంది. వేళ్లకు జారుడుగా అంటేది ఫెల్డ్‌స్పార్ చీకి మారిన బంక. గరగరమని గుచ్చుకునేవి చీకకుండా మిగిలిన క్వార్ట్జ్ గింజలు. బంకలా అంటుకుంటుంది కాబట్టి నిలకడ సంఖ్య లెక్కనే దీనికీ వాడాలన్న ఆశ పుడుతుంది. కానీ మొరంలో నీరు అచ్చమైన బంకమట్టిలో కంటే వందల, వేల రెట్లు వేగంగా కదలగలదు. పైన చెప్పిన గీతకు అటో ఇటో తేల్చి చెప్పలేని చోట అది ఉంటుంది. వేసవిలో ఆరిన మొరంలోని చూషణతో గుంత గోడలు ఇరవై అడుగులు నిలబడడం, అవే గోడలు శ్రావణంలో జారిపోవడం ఈ కారణం వల్లనే. మొరంలో ముఖం నిలకడను రెండు విధాలా లెక్కగట్టి, రెండింటిలో ఎక్కువ ఒత్తిడి కోరినదాన్నే పాటించడం తప్ప వేరే దారి లేదని నా అభిప్రాయం.

అసలు కష్టం మొరం ఒక్కటే ఉన్నచోట కూడా కాదు. గోల్కొండ దగ్గర, దుర్గం చెరువు గట్టున పైకి కనిపించే గుండ్లే భూమిలోపల మొరం నడుమ కూడా ఉన్నాయి. ముఖంలో కింది సగం గట్టి గ్రానైట్, పై సగం మొరం వచ్చిందనుకోండి. రాతిని కోయడానికి యంత్రం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్లకు నెమ్మదిస్తుంది. తల మాత్రం తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ పై మొరాన్ని గీకుతూనే ఉంటుంది. గదిలో రాతి ముక్కలే ఎక్కువై ముద్ద కట్టదు, ఒత్తిడి నిలవదు. ఏర్పడిన బొరియ యంత్రం దాటిపోయిన వారాల తరువాత రోడ్డు మీద గొయ్యిగా తేలవచ్చు. పోర్చుగల్‌లోని పోర్టో నగరం ఇలాంటి చీకిన గ్రానైట్ మీదనే ఉంది. అక్కడ మెట్రో కోసం ఈపీబీ యంత్రం నడుస్తుండగా నేల కుంగిన ఘటనలు వరుసగా జరిగి, 2001 జనవరిలో ఒక ఇల్లు కూలి ఒకరు చనిపోయారు. ఆ తరువాత పని ఆపి పద్ధతి మార్చారు: గదిని ఎప్పుడూ నిండుగా ఉంచడం, ప్రతి రింగుకూ మట్టి తూకం సరిచూడడం, ఒత్తిడి పడిపోయిన మరుక్షణం బెంటొనైట్ ద్రవం గదిలోకి దానంతటదే దూకేలా అదనపు ఏర్పాటు పెట్టడం. మిగతా సొరంగం ఆ పద్ధతిలోనే పూర్తయింది. మన టెండర్ పత్రాలు రాసేవారు సింగపూర్, లండన్ అనుభవాల కంటే ముందు చదవవలసింది పోర్టో అనుభవమని నేననుకుంటాను.

నేల పరీక్షల్లోనూ ఈ గుండ్లే తప్పుదారి పట్టిస్తాయి. బోరు పన్నెండు మీటర్ల దగ్గర రాతిని తాకగానే 'ఇక్కడి నుంచి గట్టి రాయి' అని రాసి బోరు ఆపేస్తే, అది కింద మళ్లీ మొరం ఉన్న గుండు కావచ్చు. రాతిలోకి ఇంకా కొన్ని మీటర్లు కోర్ (స్తంభంలాంటి రాతి నమూనా) తీసి చూడాలి, బోర్లకు మధ్యనున్న జాగాను విద్యుత్ నిరోధకత, భూకంప తరంగాల సర్వేలతో పూరించాలి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్న ఊళ్లో ఆ విద్యకు కొరత ఉండనక్కరలేదు. యంత్రం తల మీది పళ్లు అరిగినప్పుడు మనుషులు గదిలోకి వెళ్లి మార్చవలసిన చోట్లను కూడా ఈ సమాచారంతో ముందే ఎంచుకోవాలి, ఎందుకంటే బంకమట్టిలో గాలి ఒత్తిడి నిలుస్తుంది గానీ మొరంలో గాలి సందుల్లోంచి జారుకుంటుంది.

ఇంత గొడవ ఎందుకు, సొరంగాన్ని ఇంకా లోతుకు దించి పూర్తిగా గట్టి గ్రానైట్‌లోనే తీసుకుపోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అక్కడ ముఖం నిలకడ సమస్య చాలావరకు పోతుంది. కానీ మెట్రో విషయంలో ప్రతి స్టేషనూ అంత లోతుకు దిగాలి, ఆ తవ్వకమూ ఆ ఎస్కలేటర్లూ ఖర్చుతో కూడినవి, ప్రయాణికుడికి రోజూ దిగి ఎక్కే సమయం కూడా పెరుగుతుంది. స్టేషన్లు లేని సొరంగ రహదారికి ఆ ఇబ్బంది లేదు; కానీ దాని రెండు కొసలూ ఎక్కడో ఒకచోట మొరం గుండానే పైకి రావాలి, పైమట్టి అన్నిటికంటే పలచగా ఉండేది కూడా ఆ కొసల దగ్గరే.